నీళ్లలో తూనిక

గడచిన కోతల కాలమున నొక కొనుగోలు కేంద్రముకడ మేము కన్నులార చూచిన సంగతి యొకటి కలదు. వయస్సు మళ్లిన రైతొకడు తన వడ్లరాశిని మూడుమారులు తూర్పారబట్టి, ఐదు దినములు ఎండబోసి, కాంటా వంతుకొఱకు కాచుకొని యుండెను. వంతు వచ్చినది. తేమ యంత్రము 17 శాతమునకు లోపుగనే చూపినది. అంతట కొనువారి పక్షమున వచ్చిన పడుచువాడు రాశిలో చేయిపెట్టి, పిడికెడు వడ్లు తీసి, అరచేత నులిమి, నోటితో నూది, "తాలున్నది పెద్దాయనా, సంచికి కిలో తరుగు" అనెను. "తాలెక్కడిది సారూ, మూడుసార్లు గాలికి పట్టిన వడ్లు" అని ముసలివాడు. "నాకు కనబడుతున్నది గదా" అని యతడు. వెనుక ట్రాక్టరులు బారులు తీరియున్నవి. పడమట మబ్బు కమ్ముచున్నది. ముసలివాడు మఱి మాటాడక సంచుల మూతులు కుట్టించెను.

సంచికి కిలో యనగా వినుటకు చిన్నమాట. ఎకరమునకు 40 కిలోల సంచులు 60 పండినవనుకొందము. తరుగు 60 కిలోలు. 2025–26 సంవత్సరమునకు సాధారణ రకపు వడ్ల కనీస మద్దతు ధర క్వింటాలుకు 2369 రూపాయలు. కావున ఎకరమునకు పోయినది 1421 రూపాయలు. నాలుగెకరముల వాడు పిల్లవాని బడి ఖర్చును కాంటాముందు వదలి వచ్చినట్లే. ఆ రాశిలో తాలు నిజముగా నుండెనా, లేదా యన్నది మేము చెప్పజాలము. ఉండిన నుండవచ్చును. మా కష్టమంతయు దానిని చెప్పగలవాడు అక్కడ నొక్కడును లేకపోవుటయే. తేమకు యంత్రమున్నది. బరువునకు కాంటా యున్నది. తాలునకు మాత్రము ఒకని కన్నే ప్రమాణము, ఆ కన్ను కొనువానిది. మన సంఘమే నడపు కేంద్రములలో నిట్లు జరుగుట మనకు తగునా?

ఒక బిందెడు నీళ్లు, ఒక మంచి త్రాసు ఉన్నచో ఈ వాదము చాలవఱకు తీరునని మా యభిప్రాయము. తీరుట యెట్లో చెప్పుటకు ముందు, నీటికిని త్రాసునకును గల చుట్టరికము కొంత చెప్పవలసి యున్నది. సభ్యులు కొంచెము ఓపిక పట్టవలయును.

మన పెద్దలు ధాన్యమును కొలిచిరి, తూచలేదు. సోల, తవ్వ, మానిక, కుంచము, తూము, పుట్టి యని వారి లెక్క. కొలత చోటును చెప్పును. తూనిక బరువును చెప్పును. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి కిలోలు క్రమముగా నెలకొన్న వెనుక కుంచము అటకెక్కినది. ఐతే కుంచమునకు తెలిసినదొకటి కిలోకు తెలియదు. గట్టి వడ్ల కుంచమునకును, తాలు వడ్ల కుంచమునకును బరువులో భేదముండును. ఆ భేదమే గింజ గుణము. చోటును బరువును కలిపి చూచిననేగాని సరకు గుణము బయటపడదు. ఇంత చోటిలో ఇంత బరువు అను ఈ లెక్కకే శాస్త్రజ్ఞులు సాంద్రత యని పేరు పెట్టిరి. నీటితో పోల్చి చెప్పినచో విశిష్ట గురుత్వమందురు. పేరు క్రొత్తదే కాని పని పాతదే. కల్లములో చేట యెత్తి గాలికి వడ్లు వదలు ప్రతి యిల్లాలును ఈ పనినే చేయుచున్నది. అయితే గాలి నిలుకడ లేనిది. ఒకనాడు మంచి గింజను గూడ కొట్టుకొనిపోవును, మఱునాడు తాలును గూడ కదలింపలేదు. నీళ్లకట్టి చంచలత్వము లేదు.

ఏ వస్తువైనను నీళ్లలో ముంచినచో దాని బరువు తగ్గినట్లుండును. బావిలో నిండిన బొక్కెన నీటిమట్టము దాటి పైకి వచ్చునప్పుడే చేతికి బరువు తెలియుట మనమందఱ మెఱిగినదే. ఎంత తగ్గునన్నచో, ఆ వస్తువు తాను త్రోసివేసిన నీళ్ల బరువెంతయో సరిగా నంత తగ్గును. దీనిని కనుగొన్నవాడు సిరాక్యూసు నగరవాసి ఆర్కిమిడీసు. అతడు క్రీస్తునకు పూర్వము 212లో మరణించినాడు. రాజుగారి బంగారు కిరీటమున కంసాలి వెండి కలిపినాడన్న యనుమానము తీర్చుటకు అతడు తొట్టిలో పొర్లిన నీళ్లను చూచి యుపాయము కనుగొనెనన్న కథ పిల్లల పుస్తకములలో గూడ కలదు.

కథ ముచ్చటైనదే. లెక్క వేసి చూచినచో మాత్రము కొంచెము తేడా వచ్చును. కిలో బరువుగల మేలిమి బంగారము దాదాపు 52 ఘన సెంటీమీటర్ల నీటిని త్రోయును. అందులో మూడువంతుల కొక్క వంతునకు కొంచెము తక్కువగా, అనగా 300 గ్రాములు, వెండి కలిసినచో 65 త్రోయును. భేదము 13. జానెడు వెడల్పుగల గిన్నెలో ఈ భేదమునకు నీటిమట్టము అర మిల్లీమీటరైనను లేవదు. అంత స్వల్పమును పొర్లిన నీళ్లలో నెవరు చూడగలరు? ఇటలీ దేశపు గెలీలియో 1586లో తన యిరువది రెండవ యేట ఈ యాక్షేపణయే చేసి, ఆర్కిమిడీసు త్రాసునే వాడియుండునని తలచి, అట్టి చిన్న త్రాసునొకదానిని వర్ణించి వ్రాసెను. వస్తువును గాలిలో తూచి, మరల నీళ్లలో వ్రేలాడదీసి తూచుట దాని కీలకము. అంతకు చాల ముందే, 1121లో, మెర్వు నగరమున అల్ ఖాజినీ యనునతడు ఇట్టి త్రాసునుగూర్చి పెద్ద గ్రంథమే వ్రాసినాడు. మన దేశమునకు వచ్చి మన యాచారములను వ్రాసిపోయిన అల్ బిరూనీ లోహముల యొక్కయు రత్నముల యొక్కయు విశిష్ట గురుత్వములను కొలిచినవాడే. ఇన్ని దేశములవారు పట్టుకొన్న త్రాసు మన సంఘపు గదిలో నుండరాదా?

పూర్వము దీనికి కొక్కెము గల త్రాసు కావలసి యుండెను. ఇప్పుడు కరెంటు కాంటా వచ్చి పని సులువైనది. గ్లాసులో నీళ్లు పోసి కాంటాపై నుంచి, సున్న చేయవలయును. వస్తువును సన్నని దారముతో కట్టి, గ్లాసు అడుగునకుగాని ప్రక్కలకుగాని తగులనీయక పూర్తిగా నీళ్లలో మునుగునట్లు వ్రేలాడదీయవలయును. కాంటా చూపిన గ్రాములే వస్తువు త్రోసిన నీళ్ల బరువు. వస్తువు అసలు బరువును ఆ యంకెతో భాగించినచో విశిష్ట గురుత్వము వచ్చును. అంతే. బుడగలంటినచో లెక్క చెడును. కనుక ముందుగా వస్తువును తడిపి కుంచెతో రుద్దుట మేలు.

దీని యుపయోగము మొదట బంగారమునందు చూడుడు. యాసంగి పెట్టుబడికి మన యిండ్ల ఆడువారు మెడలోనివి తీసి సంఘములో కుదువ పెట్టుట క్రొత్త గాదు. నగను గీటురాతిపై గీచి, చుక్క వేసి, లోపలి బల్లమీద నుండి ఒక మాట వినిపింతురు. ఆ మాటమీదనే అప్పు. గీటురాయి మంచి సాధనమే. కాని అది పైపొరనే చూచును. నీళ్లు వస్తువునంతటిని చూచును. మేలిమి బంగారము నీటికి 19.3 రెట్లు, వెండి 10.5, రాగి దాదాపు 9, ఇత్తడి 8.5 ప్రాంతము. కలిసిన లోహమునుబట్టి 22 క్యారెట్ల నగ 17.6 మొదలు 18 వఱకును, 18 క్యారెట్లది 15 మొదలు 16 వఱకును వచ్చును. 20 గ్రాముల గాజులు నీళ్లలో ముంచినప్పుడు కాంటా 1.12 చూపినచో 22 క్యారెట్లని నమ్మవచ్చును. 1.30 చూపినచో 18 దగ్గఱ. 2.35 చూపినచో అది ఇత్తడి, ఆ తల్లికి ఎవరో పెండ్లినాడే ద్రోహము చేసినారు.

1.12కును 1.30కిని భేదమెంతయో సభ్యులు గమనింపవలయును. గ్రాములో అయిదవ వంతైనను లేదు. వంటింటి కాంటాతో ఈ పని కాదు. గ్రాములో నూఱవవంతు చూపు కాంటాయే కావలయును. ఇంకను చిక్కులున్నవి. రాళ్లు పొదిగినవి, లక్క నింపిన గుండ్లు, బోలు నగలు మంచి బంగారమైనను తేలికగా కనబడును. అట్టి నగ కలవారిని దొంగలుగా చూచుట మహాపాపము. మఱి టంగ్‌స్టన్ అను లోహము 19.25 రెట్లు బరువైనది, దానిపై బంగారము పోత పోసినచో నీళ్లు మోసపోవును, గీటురాయి మోసపోవును, లోతుగా కోసి చూచిననేగాని తెలియదు. కాబట్టి నీటి తూనికను గీటురాతికి తోడుగా పెట్టవలయునే కాని, దానిని తీసివేసి దీనిని పెట్టవలయునని మేమనము. 2021 జూన్ 16 మొదలు దశలవారీగా హాల్‌మార్కు విధి యైనది, క్రొత్త నగలకు చింత కొంత తగ్గినది. కాని మన సంఘములకు వచ్చునవి చాలవఱకు అమ్మమ్మ నాటి నగలు. వానికి ముద్ర యెక్కడిది? ఆ తల్లి కన్నులయెదుటనే గ్లాసులో ముంచి, యంకె చదివి, చీటీపై వ్రాసి చేతికిచ్చుటకు మనకేమి నష్టము?

ఇక విత్తనము. ఇది మాకెంతో ప్రియమైన భాగము, కొంత దీర్ఘముగా వ్రాసినచో క్షమింపుడు.

మంచినీళ్లలో వడ్లు పోసినచో వట్టి తాలు తేలును. ఇది అందఱెఱిగినదే. కాని సగము పాలు పోసుకొన్న అరగింజ మునుగును. అది మొలచునుగాని నారు బక్కగా వచ్చును. నారుమడిలో పోసిన నాడు తెలియదు, నాటునాడు కట్టకు పిలక తక్కువైనప్పుడు తెలియును. అరగింజను గూడ తేల్చవలయునన్న నీటిని బరువెక్కింపవలయును. నీటిని బరువెక్కించుటకు ఉప్పు చాలును. జపాను దేశమున యోకోయి టొకియోషి యను వ్యవసాయ శాస్త్రోపాధ్యాయుడు 1882లో ఈ పద్ధతిని కనిపెట్టి రైతులకు నేర్పెను. అచ్చటి పొట్టిగింజ వడ్లకు 1.13 విశిష్ట గురుత్వము గల ఉప్పునీరు వాడుదురు. తమిళదేశపు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు కోడిగ్రుడ్డు గుర్తుతో దీనిని చెప్పుచున్నారు. త్రాసు లేని యింటివారికి గ్రుడ్డే త్రాసు.

పద్ధతి యిది. పది లీటర్ల నీటిలో తాజా కోడిగ్రుడ్డు వేసినచో అడుగునకు పోవును. గ్రుడ్డు తీసి, ఉప్పు కొంచెము కొంచెముగా వేసి, పూర్తిగా కరగువఱకు కలియబెట్టి, మరల గ్రుడ్డు వేసి చూడవలయును. గ్రుడ్డు పైకి తేలి, పావలాబిళ్లంత మేర నీటిపైన కనబడినచో చాలును. దాదాపు కిలోన్నర ఉప్పు పట్టును. అప్పుడా నీరు మంచినీటికి 1.09 రెట్లుండును. గ్రుడ్డు తాజాది కావలయునన్న మాట మఱువరాదు. నిలువయున్న గ్రుడ్డులో గాలి పెరిగి వట్టినీళ్లలోనే తేలును, దానిని నమ్మినవాని విత్తనము కడుగుటయే గాని యెంచుట కాదు. గ్రుడ్డుపై నమ్మకము లేనివారు లీటరు సీసాను ఖాళీగా తూచి, నిండ ఉప్పునీరు పోసి తూచవలయును. సీసా బరువు పోగా 1090 గ్రాములు వచ్చినచో సరి.

ఆ నీటిలో విత్తనము కొంచెము కొంచెముగా పోసి, చేతితో కలిపి, తేలినదానిని వెంటనే జల్లెడతో తీయవలయును. ఆలస్యము చేసినచో అరగింజ నీరు త్రాగి బరువెక్కి మంచిదానివలె మునిగిపోవును. మునిగినదానిని మంచినీళ్లతో రెండు మూడు మారులు బాగుగా కడుగవలయును. ఉప్పు మిగిలినచో మొలక చెడును. ఆ ఉప్పునీటినే మఱికొన్ని తడవలు వాడవచ్చును. మిగిలినదానిని మడిలో పోయవలదు, పశువుల తొట్టిదరికి పోనీయవలదు. మందు పట్టించిన విత్తనమునుండి తేలిన గింజలు కోళ్లకు వేయవలదు.

ఒక హెచ్చరిక. మన ప్రాంతమున బి.పి.టి. 5204, ఆర్.ఎన్.ఆర్. 15048 వంటి సన్నరకములు విస్తారముగా వేయుచున్నారు. జపాను గింజకు కుదిరిన యుప్పు సన్నగింజకు కుదురునని తలపరాదు. మొదట పిడికెడు వేసి చూడుడు. మంచివని మీ కంటికి తోచిన గింజలే గుంపులుగా తేలినచో నీరు మిక్కిలి బరువైనదని యర్థము, మంచినీళ్లు పోసి తగ్గింపుడు. రకమున కెంత యుండవలయునో పాలెములోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనాస్థానమువారి నడిగి, ఆ యంకెలను సంఘపు గోడపై వ్రాయింపవలయునని మా సూచన. గద్వాల ప్రాంతమున పత్తి విత్తనమునే పంటగా తీయువారికి ఈ తేలుట మునుగుట కొత్త గాదు. ఆమ్లముతో నూగు తీసి కడిగిన పత్తిగింజలను నీళ్లలో వేసి తేలినవానిని త్రోసివేయుట విత్తన పరిశ్రమలో నున్నదే. అది ఆమ్లముతోడి పని, ఇండ్లలో చేయవలసినది కాదు.

ఇప్పుడు మరల కొనుగోలు కేంద్రమునకు వత్తము. ప్రభుత్వము వడ్లకు విధించిన ప్రమాణములలో తేమ 17 శాతమువఱకు, మట్టి రాళ్లు 1 శాతమువఱకు, పొట్టు గడ్డి వంటివి 1 శాతమువఱకు, పక్వము గాక ముడుచుకొన్న గింజ 3 శాతమువఱకు ఒప్పుకొనబడును. చూడుడు, తాలు ఒక పద్దు, అరగింజ మఱొక పద్దు. పిడికెడు వడ్లు నోటితో నూదువాడు ఈ రెంటిని కలిపి ఒకే మాటతో తరుగు తీయుచున్నాడు. నీళ్లైనచో రెండుగా విడదీయును. మంచినీళ్లలో తేలినది తాలు. మంచినీళ్లలో మునిగి ఉప్పునీటిలో తేలినది అరగింజ.

ఇక్కడనే తగవు పుట్టుచోటు గూడ నున్నది. మంచినీరు మాత్రమే పెట్టినచో అరగింజయంతయు మునిగి రైతునకు మేలగును. ఉప్పునీరు మాత్రమే పెట్టి, తేలినదంతయు తాలే యన్నచో కొనువానికి మేలగును. ఉప్పు ఇంకొక పిడికెడు వేసినచో మంచిగింజ గూడ తేలును! బిందె చూపి మోసము చేయుట గూడ సాధ్యమే యని దీని తాత్పర్యము. అందుచేత కోతలు మొదలుకాకముందే, ఏ నీరు, ఎంత ఉప్పు, ఎంతసేపు కలుపుట, అను వానిని రైతులును కొనువారును కూర్చొని నిర్ణయించి వ్రాసికొనవలయును. రాశి ముందట నిలిచి వాదించుకొనుచు నిర్ణయించు సంగతి కాదిది. మేము దీనిని ఎంతో గట్టిగా చెప్పుచున్నాము.

పరీక్ష పద్ధతి కష్టమైనది కాదు. రాశిలో పై, నడుమ, అడుగు భాగములనుండి తీసి కలిపిన వడ్లలో 100 గ్రాములు తూచి నీళ్లలో పోసి, బుడగలు పోవునట్లు కలిపి, తేలినదానిని తీసి, ఎండలో రేకుపై మునుపటివలె ఆరువఱకు నుంచి తూచవలయును. తడిగా తూచినచో తాలు రెట్టింపు బరువు చూపి రైతు మునుగును. ఆరుటకు వేళ పట్టునందురేమో. కాంటాకొఱకు దినములతరబడి కాచుకొని యుండువానికి ఒక పూట యెక్కువా? రాశి వచ్చిననాడే పరీక్ష ముగించి చీటీ కట్టినచో, కాంటానాడు నోటితో నూదు పని యుండదు. తాలు నిజముగా నెక్కువ యున్నదని చీటీ చెప్పినచో రైతు మరల తూర్పారబట్టుకొనును. అదియు న్యాయమే. మేము రైతు పక్షమువారమైనను, తాలమ్ముటను సమర్థింపము.

ఈ నీటి పరీక్ష చట్టమున వ్రాసినది కాదు. ప్రమాణముల ప్రకారము మాదిరిని చేతితో నేరి తూచుటయే పద్ధతి. అదైనను జరుగుచున్నచో మాకు నీటితో పనిలేదు. జరుగుట లేదు గనుకనే బిందె నెత్తుకొన్నాము.

పల్లికాయ రైతులు తమ మాట యేమని యడుగుదురు. వనపర్తి యంగడిలో యాసంగి వేరుశనగ ప్రాముఖ్యము తెలిసినదే. వారికి మా సలహా ఒక్కటే, కాయను నీళ్లలో ముంచనే వలదు. డొల్లలో గాలి యుండుటచేత మంచికాయయు తేలును, పరీక్ష నిలువదు. అంతకంటె ముఖ్యమైనది, తడిసిన కాయకు బూజు పట్టును, ఆ బూజు విషము కాలేయమునకు చెఱుపు. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా సీమకోళ్లు కారణము తెలియక చచ్చిన పిమ్మట, వానికి వేసిన వేరుశనగ పిండిలో నీ విషము బయటపడినది. పప్పు గుణము నూనెవలన గదా, నూనె నీటికంటె తేలిక గదా, నీళ్లతో నూనె శాతము తెలియరాదా యని ఒక మిత్రుడు మమ్మడిగెను. ఆలోచన మంచిదే. కాని నూనె తేలిక, తక్కిన పదార్థము బరువు, రెండును కలిసి పప్పు నీటికి దగ్గఱగనే యుండును. ఆ సన్నని భేదమును బిందె పట్టలేదు. పల్లికాయకు పాత కుంచమే మేలు. పది లీటర్ల డబ్బా నొకదానిని సంఘము ముద్రవేసి యుంచి, కాయను దానిలో వదలుగా పోసి, చెక్కతో మట్టముగా గీచి తూచవలయును. తోడుగా 200 గ్రాముల కాయ వొలిచి పప్పు తూచవలయును. ఈ రెండంకెలు చూచినచో గుప్పెడు విఱిచి ధర చెప్పుట మానును. పాలకు వాడు లాక్టోమీటరు మాటయు అడుగుదురు కాని, వెన్న తీసి నీళ్లు కలిపిన పాలు దానిని సులువుగా మోసగించును. దానిని వేఱొక మారు చెప్పుదుము.

ఖర్చుమాట. బిందె, జల్లెడ, సీసా, ఉప్పు, గ్రామునకు నూఱవవంతు చూపు చిన్న కాంటా ఒకటి. ఇంతకుమించి లేదు. కాంటా సరిచూచుటకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర యుండవలయును. 1959లో వనపర్తి రాజభవనమున నెలకొల్పబడిన పాలిటెక్నిక్ విద్యార్థులను పిలిచి, సంవత్సరమున కొకమారు మన సాధనములను పరీక్షింపజేసినచో వారికిని విద్య, మనకును మేలు. కార్యదర్శికి పని యెక్కువగునని కొందఱందురు. అగును. వడ్ల కాలమున ఆయన పడు శ్రమ మేమెఱుగనిది కాదు. అందుకే చదువుకొన్న పిల్ల నొకతెను, సభ్యుని కూతురునో కోడలినో, ఆ నెలరోజులకు కూలియిచ్చి ఈ బల్లవద్ద కూర్చుండబెట్టుడని మా మనవి. చేట పట్టిన చేతికి బిందె పరాయిది కాదు.

కొనువారు ఒప్పుకొందురా యని ప్రశ్న. అందఱును ఒప్పుకొనరు. కాని నిజాయితీగా కొనువానికి దీనివలన నష్టము లేదు. తాలు రాశి నొకటి తెలియక కొని చెడిపోవు భయము వానికిని తీరును. 1959లో పూర్తియైన మన సరళాసాగరము సైఫనులను చూడుడు. నీరు మట్టమునకు వచ్చినచో ఎవరి చేయియు తగులకయే తామే నీటిని వదలునట్లు కట్టిరి. అక్కడ తలుపెత్తువాని దయాదాక్షిణ్యముల ప్రసక్తి లేదు. వడ్ల తరుగు విషయమున గూడ అట్టి కట్టుబాటు కావలయునని మా కోరిక.

రాబోవు సర్వసభ్య సమావేశములో ఈ క్రింది సంగతిని తీర్మానమునకు తేవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. వచ్చు కోతలకు ముందుగా కొనుగోలు కేంద్రమున పరీక్షబల్ల యుంచుట, దానిపై నీరును ఉప్పును నిర్ణయించి గోడపై వ్రాయించుట, పరీక్ష చీటీ లేనిదే తాలు పేర తరుగు తీయరాదని పుస్తకమున కెక్కించుట. కుదువ నగలకు నీటి తూనిక యంకెను చీటీపై వ్రాయుట గూడ అదే తీర్మానమున చేర్చవచ్చును. సమావేశమునకు వచ్చువారు తమ ఇంటి విత్తనపు వడ్లు శేరెడు మూటగట్టి తెండు. బిందె, గ్రుడ్డు, ఉప్పు మేము తెచ్చెదము.